కుండమార్పిడి లెక్క

‘హాఫ్ సిబ్లింగ్’ అనే ఇంగ్లీషు ముక్క కాటమరాజు చెవిలో ‘హాఫ్ బిల్డింగ్’ అని పడింది. ఈ కథలో ఇప్పటిదాకా జరిగిన అనర్థాల్లో నవ్వుకుంటూ జరిగింది ఇదొక్కటే. అందుకే ముందు దీన్నే చెప్పుకుందాం.

కూతురు సంధ్యారాణి చదివే కాలేజీలో లెక్చరరు మాట్లాడిన వీడియో ఒకటి కాటమరాజు ఫోన్‌కు వచ్చింది. అది చూసి, గిద్దలూరులో తన బావమరిదీ, కాబోయే వియ్యంకుడూ అయిన ఆంజనేయులు కట్టుకున్న బిల్డింగులో సగం పెళ్లికి ముందే తన కూతురి పేర రాస్తున్నారని కాటమరాజు సంబరపడ్డాడు. మార్కాపురంలో తాను మేస్త్రీగా ఉన్న పలకల ఫ్యాక్టరీలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

"సగం బిల్డింగంటప్పా! కింద ఎరువుల దుకాణం తీసుకుందామా, పైన ఇల్లు తీసుకుందామా?"

డబ్బా అడుగు కనిపించే వేళకు గుమాస్తా దగ్గరికొచ్చి చెవిలో ఊదాడు. "అది సగం బిల్డింగు కాదన్నా. సగం తోబుట్టువులంట. పాపకూ పెండ్లికొడుక్కూ తల్లో తండ్రో ఒకరేనంట."

నోట్లో ఉన్న మైసూర్‌పాక్‌ను కాటమరాజు మింగనూ లేదు, ఉమ్మనూ లేదు.

కిందటి వారాలు చదవనివారు కంగారు పడొద్దు, చదివినవారు పడ్డది చాలు. సంగతి ఇదీ. హిదాయతుల్లాగారనే ప్రిన్సిపాల్‌కు చుట్టుపక్కల ఎక్కడా లేని కోర్సు ఒకటి తన కాలేజీలో ఉండాలని కోరిక పుట్టింది. ‘జన్యు వంశావళి శాస్త్రం’ తెరిచారు. మనిషి ఉమ్మిని గొట్టంలో పట్టి, ఎవరు ఎవరికి ఎంత దగ్గరి రక్తమో లెక్కగట్టే చదువు. చెప్పడానికి హైదరాబాదు నుంచి డాక్టర్ ప్రవీణ్ కుమార్‌ను దింపారు. మొదటి ప్రాక్టికల్‌కు ప్రతి విద్యార్థీ తన ఉమ్మితో పాటు ఒక చుట్టం ఉమ్మి కూడా తేవాలన్నారాయన. సంధ్యారాణి, తనకు నిశ్చితార్థమైన బావ నరేష్‌ది తెచ్చింది.

"ఇతను నీకేమవుతాడు?"

"మేనమామ కొడుకు సార్."

అంతే ప్రశ్న, అంతే జవాబు. అంతే సంసారాలు.

మేనమామ కొడుకుతో రక్తం ఎనిమిదో వంతు కలవాలి. తెర మీద నాలుగో వంతు కలిసినట్టు వచ్చింది. ఈ దగ్గరితనాన్ని కొలిచే కొలతకు సెంటీమోర్గాన్ అని పేరు. పేరులో సెంటీ ఉంది గానీ సెంటిమెంటు లేదు. ప్రవీణ్ కుమార్‌గారిలోనూ లేదు. "నాలుగో వంతంటే హాఫ్ సిబ్లింగ్స్. మీ ఇద్దరికీ తల్లిదండ్రుల్లో ఒకరు ఉమ్మడి. ఆ ఒక్కరెవరో ఇంటికెళ్లి అడుగమ్మా!" అన్నారు. తరగతి పగలబడి నవ్వింది. ఎవరో వీడియో తీశారు. ఆ తర్వాత పగలబడింది కొంపలు.

ఊరు లెక్కల్లో మనకంటే చురుకు. పిల్లలిద్దరినీ కన్న తల్లులు వేరని ఆసుపత్రి నర్సు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. కాబట్టి తండ్రి ఒకడై ఉండాలి. ఆ ఒకడు మార్కాపురంలో ఒక గడపా, గిద్దలూరులో ఒక గడపా తొక్కినవాడై ఉండాలి. టీ అంగళ్ల దగ్గర వాడికోసం వెతుకులాట మొదలైంది. రెండూళ్ల మధ్యా తిరిగే బోరుబావుల మెకానిక్కుల పేర్లూ, బస్సు కండక్టర్ల పేర్లూ టీ కంటే వేడిగా సాగాయి. నరేష్ తన ఫోన్‌లో ‘సంధ్య’ అని ఉన్న పేరును ‘చెల్లెలు’ అని మార్చేసుకుని, ఆ తెర ఫొటో తీసి ఆమెకే పంపించాడు.

ఇక్కడ చదువరులకు ఒక మాట మనవి. కాటమరాజు భార్య మాలకొండమ్మ ఆంజనేయులుకు సొంత చెల్లెలు. ఆంజనేయులు భార్య పిచ్చమ్మ కాటమరాజుకు సొంత చెల్లెలు. ఒకే పందిట్లో నీ చెల్లిని నాకిచ్చి నా చెల్లిని నువ్వు చేసుకున్న కుండమార్పిడి పెళ్లిళ్లు. ఈ బేరంలో ఒక చిక్కుంది. వాడు నీ చెల్లిని తరిమితే, నువ్వు వాడి చెల్లిని తరమాలి. లేకపోతే మీసానికి మీనింగు ఉండదు. కాటమరాజు పొద్దున మాలకొండమ్మను బస్సెక్కించాడు. ఆంజనేయులు మధ్యాహ్నానికల్లా పిచ్చమ్మను ఎక్కించాడు. ఉమ్మడిగా బతికిన రెండిళ్లు ఉమ్మితో విడిపోయాయి.

పోయిన వారం మనం ఆగింది కంభం బస్టాండులో. గిద్దలూరు పోయే బస్సూ, మార్కాపురం పోయే బస్సూ పక్కపక్కన నిలిచాయి. మాలకొండమ్మది ఆలస్యమైన బస్సు. కిటికీకి కిటికీ ఎదురైంది.

"వదినా, యాడికి?"

"పుట్టింటికి. నువ్వు?"

"నేనూ పుట్టింటికే."

తర్వాత మాలకొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మీ అన్నకు రాత్రికి బీపీ బిళ్ల వదినా. ఫ్రిజ్జి మీద డబ్బాలో పెట్టినా" అంది.

"మీ అన్నకు వంకాయ పడదు, మతికుందా?"

"మా అన్నే గదా. ఉంది."

బస్సులు కదిలాయి. కుండలు మళ్లీ మారాయి. మగవాళ్ల కంచాల్లో కూడు మాత్రం ఒక్క పూటా తప్పలేదు. భార్య దిగిన గడపలో చెల్లెలు ఎక్కింది.

సంధ్యారాణికి ఇప్పుడు బావ అక్కర్లేదు, పరువు అక్కర్లేదు. ఒక్కటే కావాలి. అమ్మ ఇంటికి రావాలి. అందుకు దారి తోటి విద్యార్థిని సుమయ్య ఇంట్లో దొరికింది. ఇద్దరూ హోంవర్కుగా వంశవృక్షాలు గీస్తున్నారు.

"మాది చూడవే, మాకే ఇచ్చిపుచ్చుకున్న మా ఖాలా, అదే పిన్నమ్మ పిల్లల్ని వేసేసరికి చెట్టు పోయి జాలీ అయింది, కిటికీకి పెట్టుకోవచ్చు!" అని నవ్విన సుమయ్య, సంధ్యారాణి కాగితం చూసి నవ్వు ఆపింది. "ఏందే ఇది? నీదీ జాలీనే గదా! మీ నాయన చెల్లెలే నరేష్ అమ్మనా? ఈ మాట సార్‌కు చెప్పినావా?"

"అడగలేదే ఆయన."

"నువ్వు చెప్పలేదా?"

"ఇది చెప్పాలని ఎవరికి తెలుసే? మాకు మామూలే గదా!"

అదీ సంగతి. ఊరంతటికీ తెలిసిన విషయం కాబట్టి ఎవరికీ తట్టలేదు. చుట్టరికం వేరు, చదువు వేరు అనుకున్నారు. సుమయ్య గీసిన దాంట్లో జాలీ కనిపించింది. ప్రవీణ్ కుమార్‌గారు గీసిన దాంట్లో జాలీ లేదు, జాలీ లేదు. రెండోసారి పొట్టిగా చదువుకోండి.

ఆ రాత్రి ఇద్దరూ పాఠ్యపుస్తకాన్ని చివరి యూనిట్ దాకా తిరగేశారు. సోమవారం తరగతికి సంధ్యారాణి నలుగురినీ రప్పించింది. రాజీ కుదిరితే కాలేజీకి మంచి పేరొస్తుందని హిదాయతుల్లాగారే ఫోన్లు చేశారు. ముందు బెంచీ మీద మగవాళ్లిద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. వెనక బెంచీలో వదినామరదళ్లు, ఒళ్లో సంచులు. కిటికీ దగ్గర నరేష్, చేతిలో ఫోను. విద్యార్థులు ఒక్కరు కూడా సెలవు పెట్టలేదు. కోర్సు తెరిచాక ఇంత హాజరు ఇదే మొదలు.

ప్రవీణ్ కుమార్ లోపలికొస్తూనే చేతులు చాచారు. "ఓహో! కేస్ స్టడీ మొత్తం నడిచొచ్చిందే!"

మళ్లీ నవ్వులు. పిచ్చమ్మ కళ్లు దించుకుంది.

"సార్, మా ఫలితం మళ్లీ తెర మీద పెట్టండి" అంది సంధ్యారాణి లేచి నిలబడి.

"ఎందుకమ్మా? మారుతుందనా? రక్తం మాట మార్చదు."

"అంకె వద్దు సార్. రంగుల పట్టీలు పెట్టండి. ఆరోజు మీరు అంకె ఒక్కటే చూపించినారు."

ప్రవీణ్ కుమార్ మొహంలోకి ఏదో వచ్చి పోయింది. "అది ఇప్పుడు అర్థం కాదమ్మా మీకు. ముందు యూనిట్లు..."

"పెట్టండి సార్, పెట్టండి," అన్నారు హిదాయతుల్లాగారు. "పెద్దోళ్లు ఛార్జీలు పెట్టుకుని వచ్చినారు."

తెర వెలిగింది. అడ్డంగా ఇరవై రెండు పట్టీలు. కలిసిన చోట్ల ఎక్కువగా పసుపు. అక్కడక్కడ, గోడ మీద పాచి పట్టినట్టు, ఆకుపచ్చ.

"ఆకుపచ్చంటే ఏంది సార్?"

ఆయన గొంతు సవరించుకున్నారు. వచ్చిన పాఠం చెప్పకుండా ఉండలేని జబ్బు ప్రతి మాస్టారికీ ఉంటుంది. "ప్రతి మనిషికీ ప్రతి క్రోమోజోమూ జంట. ఒక దారం తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఇద్దరు మనుషుల్ని పోల్చినప్పుడు ఒక దారం కలిస్తే పసుపు. ఒకే చోట రెండు దారాలూ కలిస్తే ఆకుపచ్చ."

"తండ్రి ఒకడై, తల్లులు వేరైతే?"

"తండ్రి దారం ఒక్కటే కలుస్తుంది."

"అంటే ఆకుపచ్చ ఉంటుందా?"

ఆయన ఒకసారి తెరను, ఒకసారి తలుపును చూశారు.

"ఉండదు" అన్నారు ప్రవీణ్ కుమార్.

సంధ్యారాణి బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకుంది. ఒక పక్క పైన నాయన, కింద అత్త. ఇంకో పక్క పైన మామ, కింద అమ్మ. నాయన నుంచి అమ్మకు ఒక గీత, అత్త నుంచి మామకు ఒక గీత. గీతలు నడిమధ్య కత్తెరలా ఖండించుకున్నాయి.

"బావ నాకు మేనమామ కొడుకు, మేనత్త కొడుకు కూడా. ఒక్కో దారిన ఎనిమిదో వంతు. రెండు దార్లూ కలిపితే నాలుగో వంతు. మా అమ్మ దారం బావకు వాళ్ల నాయన ఇచ్చిన దారంతో కలిసింది. మా నాయన దారం వాళ్లమ్మ దారంతో కలిసింది. రెండూ ఒకే చోట పడితే ఆ ఆకుపచ్చ. మూడోవాడు యాడా లేడు సార్. మా ఇంట్లో అవ్వా తాతలు తప్ప ఇంకెవరూ లేరు."

తరగతిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. హిదాయతుల్లాగారు "యా అల్లా" అని కళ్లద్దాలు తీశారు. ప్రవీణ్ కుమార్ బోర్డు వైపు చూసి, తల ఊపి, అందరికీ అర్థమయ్యేలా తానే మళ్లీ చెప్పారు. అయ్యా, అమ్మా, వీళ్లు డబుల్ ఫస్ట్ కజిన్స్, లెక్క అచ్చం సగం తోబుట్టువుల్లాగే వస్తుంది, పట్టీలు చూస్తేనే తేడా తెలుస్తుంది, ఈ ఆడవాళ్ల తప్పేమీ లేదు. చాలా చక్కగా చెప్పారు. మొదటిసారే ఇంత చక్కగా చెప్పుంటే ఈ సీరియల్ లేదు, నాకు ఈ వారం పారితోషికమూ లేదు.

"నిజానికి చాలా అరుదైన ఉదాహరణ. పేపరు రాయొచ్చు" అని కూడా కలిపారు.

వెనక బెంచీ నుంచి మాలకొండమ్మ అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"ఏది?"

"ఆ పచ్చ."

ఆయన తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. పైగా తప్పని కూడా అనుకోలేదు. "ఆ మర్నాడు పట్టీలు చూసినప్పుడు అనుమానం వచ్చిందమ్మా."

"మర్నాడేనా! నన్ను బస్సెక్కించింది ఆ తర్వాత గదా. చెప్పలేదేం సార్?"

"డబుల్ కజిన్స్ ఐదో యూనిట్ అమ్మా. మనమింకా మొదటి యూనిట్లో ఉన్నాం."

ఈ వాక్యం రాసి నేను కాసేపు కలం పక్కన పెట్టాను. ఇంతకాలం మాటలతో ఆడుకున్నవాణ్ణి, దీంతో ఆడుకోవడానికి ఏ మూలా పట్టు దొరకలేదు. సిలబస్ ప్రకారం ఒక ఆడదాని మానం ఐదో యూనిట్‌లో వస్తుంది.

ముందు బెంచీలో మాత్రం పండగ కళ వచ్చింది. ఆంజనేయులు బావ భుజం మీద చెయ్యేశాడు. "నేను ముందే అనుకున్నా బావా, మన ఇంటి ఆడోళ్లు అట్లాంటోళ్లు కాదని."

"అట్లాంటోళ్లని నేను మాత్రం అనుకున్నానా?" అన్నాడు కాటమరాజు.

"మరి తరిమిందెవురు?" అంది పిచ్చమ్మ.

"ఊరుకోమ్మే! నువ్వు తరిమితే గదా బావా నేను తరిమింది?" అని ఆంజనేయులు బావను చూసి నవ్వాడు. లెక్చరరు వైపు తిరిగాడు. "సార్, అయితే పెండ్లికి ఇబ్బంది లేదుగా?"

"చట్టానికి లేదు, ఆచారానికీ లేదు. రక్తం దగ్గరితనం మాత్రం తండ్రి ఒక్కడైతే ఎంతో, అంత. ఆ అంకె మారదు."

కిటికీ దగ్గర నరేష్ బొటనవేలు ఫోన్ మీద గబగబా ఆడింది. ‘చెల్లెలు’ను చెరిపి ‘సంధ్య’ అని కొట్టి, తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. పక్కన గులాబీ పువ్వు బొమ్మ కూడా పెట్టాడు.

"ఉంచుకో అన్నయ్యా" అంది సంధ్యారాణి. "మార్చొద్దులే. అలవాటైంది."

కుర్రకారు ఘొల్లుమంది. నరేష్ చెవులు మిరపపళ్లయ్యాయి. ఆంజనేయులు నవ్వు సగంలో ఆగింది. సంధ్యారాణి ఎవరినీ పట్టించుకోలేదు. తల్లి దగ్గరికి పోయి సంచి అందుకుంది.

"దామ్మా, ఇంటికి పోదాం."

"లెయ్యి లెయ్యి," అన్నాడు కాటమరాజు కూడా, లేచి చొక్కా సర్దుకుంటూ. క్షమించమన్న మాట ఆయన నోట్లో ఎప్పుడూ బస చేయలేదు. "ఎవురి కుండ వాళ్లకు చేరింది. అన్నం టైమయింది, లెయ్యి."

మాలకొండమ్మ లేవలేదు. కూతురి చేతిలోంచి సంచి మళ్లీ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"సార్, ఇంకొక్క డౌటు."

"అడగండమ్మా."

"పాప ఉమ్మి పట్టినారు. నరేషుది పట్టినారు. రెండిళ్ల ఆడోళ్ల మీదా తీర్పు చెప్పినారు. ఈ మగోళ్లిద్దరి ఉమ్మీ ఎవరూ పట్టలేదే?"

"అవసరం లేదమ్మా. తేలిపోయిందిగా!"

"మీకు తేలింది. ఊరికి తేలింది. నాకు తేలలే. పట్టండి."

"అమ్మా, ఇప్పుడెందుకే?" అంది సంధ్యారాణి మెల్లగా. అమ్మ ఇంటికి రావడమొక్కటే కావాలి ఆమెకు. గుమ్మం దాకా వచ్చిన బతుకు మళ్లీ వెనక్కి పోతున్నట్టనిపించింది.

"నువ్వుండు పాపా. చదువు నీకు ఒక్కదానికేనా?"

ప్రవీణ్ కుమార్ కళ్లు మెరిశాయి. శాస్త్రజ్ఞుడికి ఉమ్మి ఊరికే వస్తానంటే కాదనే బలం ఉండదు. బీరువాలోంచి రెండు గొట్టాలు తీశారు. "మంచిదే. పెద్దతరం నమూనాలు ఉంటే పాఠం ఇంకా స్పష్టంగా ఉంటుంది. పైగా క్లాసులో అందరివీ సిస్టంలో ఉన్నాయి. ఎవరితో ఎవరు కలిసినా మొత్తం ఒకేసారి తెర మీద చూపిస్తుంది."

ఆంజనేయులు ఒక గొట్టం లాక్కున్నాడు. గోడ వైపు తిరిగి, గీత దాకా నింపి, మూత పెట్టి బల్ల మీద ఠక్కున నిలబెట్టాడు. "ఇంద! మనకేం భయం?"

రెండోది కాటమరాజు చేతిలో ఉంది. పట్టుకున్నాడు, పెదవి దగ్గరికి తెచ్చాడు, దించాడు.

"అందరివీనా?" అని అడిగాడు.

"ఏవి?"

"ఈ పిల్లలందరివీ... లోపలున్నాయా?"

"అందరివీ. పక్క సెక్షన్ వాళ్లవి కూడా."

పలకల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి పలకలేదు. మళ్లీ గొట్టం ఎత్తాడు. గొంతు కదిలింది గానీ గొట్టంలో ఏమీ పడలేదు.

"నోరెండిపోయింది" అన్నాడు.

సంధ్యారాణి తన నీళ్ల సీసా మూత తిప్పింది. ప్రవీణ్ కుమార్ చెయ్యి అడ్డం పెట్టారు. "నీళ్లొద్దు. నీళ్లు తాగితే నమూనా పాడైపోతుంది. దానంతటదే ఊరాలి."

"బావా, ఏందిది? ఒక్క చుక్క ఉమ్మేస్తే పోయె గదా" అన్నాడు ఆంజనేయులు. ఆ నవ్వు ఎప్పుడో పోయింది. చెల్లెలి మొగుడి మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

కాటమరాజు గొట్టం వైపు చూడటం లేదు. వరసగా కూర్చున్న పిల్లల మొహాలు చూస్తున్నాడు. ఒక్కొక్కటే. ఒక మొహం దగ్గరికి రాగానే చూపు దించుకుని, దాన్ని దాటేసి, పక్క మొహం దగ్గరికి పోయాడు.

మాలకొండమ్మ వెనక బెంచీ నుంచి లేచింది. ముందుకొచ్చి, కుర్చీ లాక్కుని, మొగుడికి ఎదురుగా కూర్చుంది. సంచి కింద పెట్టింది.

"తొందరేం లేదు" అంది. "నోరూరిందాక కూర్చుంటా."